ఆగయ్య తాగిన తాపీ

పన్నెండు గంటల బ్యాచ్ వాళ్లు పదకొండున్నరకే వచ్చి సోమలింగం చాయ్ బండి దగ్గర కూర్చుంటారు. సూరత్‌లోని అమ్రోలిలో డయాలిసిస్ సెంటర్ గేటుకు ఎదురుగా ఉంటుంది ఆ బండి. నిజానికి వాళ్లెవరూ చాయ్ తాగకూడదు. అందరూ కలిసి ఒక అడ్ధీ, అంటే సగం గ్లాసు చెప్పి, దాన్ని చిన్న చిన్న గ్లాసుల్లో పోయించుకుంటారు. మనిషికి రెండు గుక్కలు. ఆ రెండింటినీ నాలుక మీద ఎంతసేపు నిలుపుకుంటే అంత లాభం.

వాళ్ల కిడ్నీలు పనిచేయవు. తాగిన నీళ్లు బయటికి పోయే దారి లేదు, వారానికి మూడుసార్లు మిషన్ తీస్తేనే పోతాయి. అందుకే లోపలికి వెళ్లగానే ముందు కాంటా ఎక్కాలి. పోయినసారి మిషన్ దిగినప్పుడున్న బరువు కంటే ఎంత పెరిగితే అన్ని నీళ్లు ఒంట్లో చేరినట్టు. కాంటా ముందు ఎవరి మాటా చెల్లదు.

ఆ శనివారం ఆగయ్యకు కాంటాతో పెద్ద పనే ఉంది. అతని భార్య భూదేవి కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ సరిపోయాయి. డాక్టర్ సాహిత్య ఒకటే షరతు పెట్టింది: నెలంతా, ఏ రోజూ పెరిగిన బరువు రెండు కిలోలు దాటకుండా వస్తే ఆపరేషన్‌కు తేదీ ఇస్తుంది. దాటితే నెల మళ్లీ మొదటి నుంచి. ఇప్పటికి రెండు నెలలు, రెండుసార్లూ ఆఖరి వారంలోనే దాటింది. ఇది మూడో నెల, ఆఖరి కాంటా. భూదేవి ఫైలు పట్టుకుని లోపల లైన్లో నిలబడి ఉంది. ఆగయ్య బయట బెంచీ మీద కాళ్లు వేలాడేసుకుని మాట్లాడుతున్నాడు.

అడిగింది పరమేశ్. ముప్పై ఏళ్లు లేవు, మిషన్ ఎక్కడం మొదలై రెండు వారాలే.

“కాకా, దూప ఎట్ల ఆపుకుంటున్నవే? నాకైతే రాత్రంత కండ్లల్ల నల్లానే కనవడుతున్నది.”

“దూపనా?” అన్నాడు ఆగయ్య. “దూప అంటే ఏందో నాకు తెల్వదురా. నేను సాంచాల మీద బట్ట నేసేటప్పుడు పన్నెండు గంటల షిఫ్టుల ఒక్క గుక్క తాగకపోతుంటి. ఎందుకు తాగాలె? తాగితే పొయ్యి రావాలె, పొయ్యొచ్చేటాల్లకు ఎన్మిది సాంచాలల్ల ఏదో ఒకదాంట్ల పోగు తెగుతది, తాను ఖరాబైతది. అందుకని సీసా నిండుగ తీస్కపోయి నిండుగనే ఇంటికి తెస్తుంటి.”

“గదైతే అందరం చేసినమే కాకా.”

“చేసినం గాబట్టే అందరం గీడ కూసున్నం,” అంది వెంకటవ్వ. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించేది. ఆరేళ్లుగా ఈ బ్యాచ్‌లో ఉంది. బెంచీ చివర గోడకు ఆనుకుని కళ్లు మూసుకునే వింటోంది.

“అక్కా, నువ్ జర ఆగు. అందరు చేసుడు వేరు, నేను చేసుడు వేరు. డాక్టరమ్మ గోడ మీద బొమ్మ చూపెట్టింది గదరా పరమేశూ, పిడికిలంత చిక్కుడు గింజ లెక్క, ఒక్కోదాంట్ల పది లచ్చల జల్లెడలు, ఒక్కో జల్లెడకు సన్నటి గొట్టం, అది కిందికి దిగి మలుపు తిరిగి మళ్ల పైకెక్కుతది. దినాం నూట ఎనభై లీటర్లు వడగడతయట, గండ్లకెల్లి మళ్ల అన్ని వెనుకకు గుంజుకొని లీటరున్నర బయటికి ఇడుస్తయట. గిది మామూలు మనిషి సంగతి. నా దాంట్ల ఎన్ని జల్లెడలో ఎరికేనా? కోటి! కోటి దాక లెక్కవెట్టిన కాంపౌండర్ నిద్రపోయిండు గాబట్టి ఆడికి ఆపిండ్రు. పన్నెండు గంటలు నీళ్లు లేకుంటే గవి ఏం జేసినయో ఎరికేనా? ఉన్నదంత వెనుకకు గుంజి, గుంజి, షిఫ్టు దిగేటాల్లకు ఒక్కటే బొట్టు ఇడిసినయి. తేనె లెక్క చిక్కగ. డబ్బల పట్టి పక్కకు పెడితే మా సూపర్‌వైజర్ గోందు అనుకొని వారం రోజులు తానులకు లేబుళ్లు అతికించిండు.”

సోమలింగం గిన్నెలో చెంచా తిప్పడం ఆపాడు. “ఊడినయా?”

“ఏడ ఊడుతయి? ఇప్పటికీ ఆ తానులు కొన్నోళ్లు లేబుల్ తోనే చీరలు కట్టుకుంటున్నరు.”

పరమేశ్ నవ్వబోయి దగ్గాడు. గేటు దగ్గరికి టెక్నీషియన్ సురేశ్ వచ్చి కేకేశాడు. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, ఏ భాష నోటికొస్తే అందులో పిలుస్తాడు. “చలో, బారా వాలే! వజన్ చేయించుకోండి కాకా!”

“వస్తున్నం తీయ్, మిషన్ ఏడికీ ఉరకదు,” అన్నాడు ఆగయ్య. లేవలేదు. “అటెన్క ఏమైందో ఎరికేనా? సాంచాలు ఇడిసిపెట్టి సచిన్ ఊర్ల డైయింగ్ మిల్లుల చేరిన. ఎండకాలం. డ్రమ్ము పక్కకు లోటా ఉన్నది. మజ్జిగ అనుకొని ఎత్తి గటగట తాగిన. సగం తాగినంక తెలిసింది, తేజాబ్, యాసిడ్!”

“గొంతు కాలలేదా?”

“కాలేటందుకు నేను టైమిస్తే గద! లోపటికి ఆర్డరేసిన. ఊపిరితిత్తులూ, మీరు జోరుగ ఆడుండ్రి, పులుపును గాలి జేసి ఎంత పంపుతరో అంత పంపుండ్రి. కిడ్నీలూ, మిగిలిన పులుపు మీరు బయటికి తొయ్యుండ్రి, సోడా కొత్తగ తయారు చేసి రక్తంల కలుపుండ్రి. ఉత్తగ చెప్తలేనురా, డాక్టరమ్మను అడుగు, రక్తంల పులుపు పెరిగితే ఒళ్లు చేసే పని గదే. కాకుంటే మామూలోళ్ల కిడ్నీలకు రొండు మూడు దినాలు పడ్తది, నా వాటికి రొండు నిమిషాలు. ముక్కులకెల్లి నురుగు బుస్సుబుస్సుమని ఎల్లింది. సోడా ఎంత మిగిలిందంటే, మిల్లు క్యాంటీనోడు నెల దినాలు మిర్చి బజ్జీల పిండిల నాదే ఏసిండు.”

“థూ,” అంది వెంకటవ్వ, కళ్లు తెరవకుండానే.

“అందుకేనా సచిన్ బజ్జీలు గట్ల పొంగుతయి,” అన్నాడు సోమలింగం.

పరమేశ్ తన గ్లాసులోని రెండో గుక్కను ఇంకా దాచుకునే ఉన్నాడు. గ్లాసు చల్లబడిపోయింది. సురేశ్ మళ్లీ పిలిచాడు. బ్యాచ్‌లో మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచి, ఎవరి దుప్పటి వాళ్లు చంకన పెట్టుకుని గేటు దాటారు. ఆగయ్య గొంతు పెంచాడు.

“ఇగ గియ్యన్ని చిన్నయి. రొండు వేల ఆరు వరద చెప్పాలె నీకు. నువ్ గప్పుడు పలక పట్టుకొని బడికి పోతున్నవ్ కావచ్చు. ఉకాయి డ్యాం గేట్లు ఎత్తిండ్రు, తాపీ నది ఊరి మీద వడ్డది. జనమంత మిద్దెల మీద. నేను అమ్రోలి బ్రిడ్జి మీద నిలవడ్డ. చూసిన. ఇగ ఎవ్వరితోని కాదు, మనమే చూసుకోవాలె అనుకున్న. వంగిన, మూతి పెట్టిన. ఒక్క గుక్కకు నీళ్లు మెడలకెల్లి నడుములకు దిగినయి. రొండో గుక్కకు మునిగిన ఆటోలు బయటవడ్డయి. మూడో గుక్కల బర్రె అడ్డమచ్చింది, పండ్లతోని పట్టుకొని ఒడ్డుకు పెట్టి మళ్ల తాగిన.”

“మరి తాగిన నీళ్లు ఏడవోయినయే?”

“గది అడుగు! కోటి జల్లెడలు ఉత్తగున్నయా? ఇటు తాగుడు, అటు సముద్రంల ఇడుసుడు. గది గూడ ఉత్తగ కాదు. బురద వేరు, ఉప్పు వేరు, మంచినీళ్లు వేరు. మంచినీళ్లు కోసాడ్ బస్తీ ఆడోళ్ల బిందెలల్ల పట్టిచ్చిన. ఉప్పు ఎండబెట్టి ఏడాది తిన్నం. డ్యాం మీదికెల్లి పెద్ద ఇంజనీరు ఫోన్ చేసిండు: ‘ఆగయ్య భాయ్, ఇంకో రొండు గేట్లు ఎత్తనా?’ ‘ఎత్తుండ్రి సాబ్, నాకు ఇంకా దూప తీరలే’ అన్న!”

ఎవరూ నవ్వలేదు. పరమేశ్ అరచేయి తిప్పి మణికట్టు దగ్గర మిషన్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన, గుర్రుమనే నరాన్ని రెండో చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. “గంత పని చేసినయి ఎందుకు పోయినయి మరి?” అన్నాడు. అది కథలో మాటలా లేదు.

“పోలేదురా! అలిసిపోయి పండుకున్నయి. ఇప్పుడు మళ్ల లేస్తున్నయి, నాకు తెలుస్తున్నది. గురువారం మిషన్ దిగినకాడికెల్లి ఒక్క చుక్క నోట్లె ఎయ్యలే నేను. ఎయ్యాల్ననిపిస్తలేదు. లోపట అవే చూసుకుంటున్నయి. ఇంకొకల కిడ్నీ ఎవనికి కావాలె? భూదేవిది భూదేవి దగ్గర ఉండనీ. నాలుగు దినాలైతే ఈ మిషన్‌కు నేనే దండం పెట్టి పోత.”

“నిజంగనే మళ్ల లేస్తయా కాకా?” పరమేశ్ ముందుకు జరిగాడు. “మా అమ్మ గూడ గదే అంటున్నది. మిషన్ ఇడిసిపెట్టి ఇంటికి రా, ఆకు పసరు పోసేటోడు ఉన్నడు, మళ్ల పనిచేస్తయి అని.”

అప్పుడు వెంకటవ్వ కళ్లు తెరిచింది.

“ఆగయ్యా, కాలు గిటు పెట్టు.”

“ఎందుకక్కా?”

“పెట్టుమన్న గద.”

ఆమె వంగి, అతని పంచె జరిపి, కాలి ముందు ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కింది. పది లెక్కపెట్టే దాకా తీయలేదు. తీశాక అక్కడ గుంట పడింది. రూపాయి బిళ్ల పట్టేంత గుంట. నలుగురూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. అది పూడలేదు.

“తాపీ సముద్రం దాక పోలే తమ్మీ,” అంది వెంకటవ్వ. “నీ పిక్కల కాడనే ఆగింది.” తర్వాత పరమేశ్ వైపు తిరిగింది. “చూసినవా పిలగా? గివి లేస్తున్న కిడ్నీలు.”

ఆమె తన దుప్పటి తీసుకుని లోపలికి నడిచింది. గేటు దగ్గర ఆమెకు భూదేవి ఎదురైంది. భర్తను పిలవడానికే వచ్చింది భూదేవి. ఆగయ్య కాలు ఇంకా అలాగే చాపి ఉంది. ఆమె ఫైలు బెంచీ మీద పెట్టి గుంట చూసింది. రెండో కాలు మీద తనే నొక్కి చూసింది.

“ఎన్ని లోటాలు?”

ఆగయ్య ఖాళీ గ్లాసును బెంచీ కింద పెట్టాడు.

“పొద్దుగాల నేను తానానికి పోయినప్పుడా? లేకుంటే నిన్న సంతకు పోయినప్పుడా?”

“దూపయిందే.”

“దూపయిందా? దూపకు తాగేటోడు దినాం తాగుతడు. నువ్వు మూడు వారాలు ముప్పావు కిలో, కిలో మీద వస్తవు. తేదీ దగ్గరికి వచ్చిందంటే నాలుగు కిలోలు చేస్తవు. పోయిన నెల గట్లనే. గంతకు ముందు నెల గట్లనే. నేను గుడ్డిదాన్ననుకున్నవా?”

సోమలింగం స్టవ్ మంట తగ్గించాడు. ఆగయ్య పంచె కిందికి లాక్కున్నాడు.

“నీ పక్క కోస్తరు,” అన్నాడు. కథ చెప్పే గొంతు కాదది. “ఒక్కటే మిగులుతది నీకు. రేపు దానికేమన్న అయితే నేను ఎవనికి చెప్పుకోవాలె?”

“ఒక్కటి సాలు అన్నది డాక్టరమ్మ. నన్ను ఆరు నెలలు అన్ని మిషన్లల్ల పెట్టి చూసి మరీ అన్నది. నాది నేనిస్త, ఇయ్య, గది నేను చెప్పాలె. వద్దనుకుంటే నోటితోని వద్దను. గింత మాట్లాడేటోనివి గా ఒక్క ముక్క చెప్పలేక నీళ్లు తాగుడేంది? ఊపిరి ఆడక మధ్యల పోతే నా కిడ్నీ నేనేం చేసుకోవాలె?”

భూదేవి అతని రెక్క పట్టుకుని లేపింది. లేచేటప్పుడు ఆయాసపడ్డాడు.

కాంటా మీద నాలుగు కిలోల రెండు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. సురేశ్ ఆ అంకె వేసి, పక్కన ఎర్ర గీత గీశాడు. “మహినా ఫిర్ సే, కాకీ,” అన్నాడు భూదేవితో, ఆగయ్య వైపు చూడకుండా. భూదేవి తలూపి, కొత్త నెల కాగితం ఇమ్మంది.

ఆగయ్యకూ పరమేశ్‌కూ పక్క పక్క మంచాలు. సూదులు ఎక్కించారు, మిషన్లు తిరగడం మొదలైంది. ఎర్రటి గొట్టాలు రెండు మంచాల మధ్య వేలాడుతున్నాయి. కాసేపటికి పరమేశ్ తల ఇటు తిప్పాడు.

“కాకా. పనిచెయ్యవా ఇగ?”

ఆగయ్య పైకప్పు వైపు చూస్తున్నాడు.

“చెయ్యవురా,” అన్నాడు. “ఎవని దగ్గరికి పోకు. నీ వంతు దినం తప్పకుండ గీడికే రా.”

భూదేవి దుప్పటి కప్పడానికి వచ్చింది. కాళ్ల దగ్గర సర్దుతుంటే అతను మెల్లగా అన్నాడు, “ఏమే, రేపటిసంది నా నీళ్లు నువ్వే కొలిచి పొయ్యి.”

ఆమె దుప్పటి అంచు పరుపు కిందికి తోసింది. “పొద్దుగాల చిన్న గ్లాసు, పగటీలి ఒకటి, మాపటీలి ఒకటి. గోలీలు గూడ గండ్లనే మింగాలె. కతలు చెప్పి గొంతెండితే నాకు సంబంధం లేదు,” అని, కొత్త నెల కాగితంలో మొదటి గడిలో మంగళవారం తేదీ రాయించడానికి కౌంటర్ వైపు వెళ్లింది.