మూడుసార్లు చూసే మనిషి

ఉదయం. భార్య చొక్కా ఇస్త్రీ చేస్తోంది. లిఫ్టులు బాగుచేసే భర్త బూట్లు తుడుచుకుంటున్నాడు.

"ఛీ, ఛీ! ఆరేళ్లు చూశానండీ. ఒక్క శుక్రవారం వదల్లేదు. చివరికి మొహాన పేడనీళ్లు కొట్టినట్టయింది."

"సీరియలేగా. వదిలెయ్."

"ఎలా వదిలేస్తాను? అంతరిక్షంలో శత్రువుల షిప్పు పేలితే ఢామ్మని చప్పుడొచ్చింది. గాలే లేనిచోట చప్పుడేంటి? సరే, ఊరుకున్నాను. వీళ్ల షిప్పు తలకిందులై మనుషులంతా దొర్లారు, బల్లమీద కాఫీ కప్పు మాత్రం కదల్లేదు. అదీ ఊరుకున్నాను. కానీ మెకానిక్ తాతని అంత మాటంటారా?"

"ఏ తాత?"

"ఎన్నిసార్లు చెప్పాను మీకు! తలుపు బిగించాక మూడుసార్లు చూస్తాడే, ఆ తాత. చూసి, అరచేత్తో తట్టి, అప్పుడు గానీ కదలడు. నిన్న ఆ తలుపే ఊడిపోయింది. తాతా పోయాడు, ఇంకో ఇద్దరూ పోయారు. ఎందుకు ఊడిందట?"

"చూసుకో, చొక్కా మాడుతుంది."

"మాడట్లేదు. తాత చూడలేదట! తలుపు రబ్బరు అరిగిపోయింది, మార్చండి మొర్రో అని రెండు ఎపిసోడ్ల కిందట కెప్టెన్‌తో మొత్తుకున్నదే ఆయన. రాసినవాడికే గుర్తులేదు. కంపరమెత్తింది నాకు."

"కెప్టెన్‌ని కాపాడాలిగా. వాడు లేకపోతే సీరియలెలా నడుస్తుంది?"

"కాపాడుకోనీండి. కానీ తాత దగ్గర పని నేర్చుకున్నవాడు, ఆయనతో ఒక్క కంచంలో తిన్నవాడు, వాడు అందరి ముందూ లేచి 'అవును, ఆయన చూడలేదు' అంటాడా? తడుముకోకుండా! వాంతొచ్చినంత పనైంది."

"వాడికేం ఇబ్బందులున్నాయో."

"ఏం ఇబ్బందులు? చూపించలేదే!"

"అన్నీ చూపిస్తారా ఏంటి? ఉద్యోగం తీసేస్తామన్నారేమో. పెళ్లాం, పిల్లలున్నారేమో. పోయినాయన ఎలాగూ పోయాడు, ఉన్నవాళ్లు..."

"వాడికి పెళ్లే కాలేదండీ! ఒక్క ఎపిసోడూ చూడరు, వాణ్ణి మాత్రం వెనకేసుకొస్తున్నారు."

"వెనకేసుకు రావట్లేదు. ఊరికే అన్నాను."

"ఊరికే కూడా అనకండి, ఒళ్లు మండుతుంది. ఇదిగో చొక్కా. అన్నట్టు, మీ మేస్త్రి గారి భార్య ఫోన్ చేసింది."

"ఎప్పుడు? ఎందుకు?"

"మీరు స్నానం చేస్తుంటే. ఎందుకేంటి, ఇవాళ విచారణేగా! రోపు తెగి, లిఫ్టుతో పాటు పడి ఆ మహానుభావుడు పోయి నెల కాలేదు, తప్పంతా ఆయనదేనని కంపెనీ వాళ్లు తోసేస్తున్నారట. 'కొత్త రోపు కావాలని మా ఆయన అడగడం మీ ఆయన విన్నాడమ్మా, మాకు ఆయనొక్కడే దిక్కు' అని ఏడ్చింది."

"నువ్వేమన్నావ్?"

"మా ఆయన నోట అబద్ధం రాదు, మీరు ధైర్యంగా ఉండండి అన్నాను."

"అలా ఎందుకన్నావ్?"

"మరేమనాలి? పదండి, టైమవుతోంది. నేనూ వస్తాను, ఆవిడ పక్కన కూర్చుంటాను."

"నువ్వొద్దు."

"ఏం?"

"వద్దన్నానుగా."

"ఏమండీ... ఇటు చూడండి. ఎందుకొద్దు?"

"ఆయన రోపు చూడలేదని నిన్ననే రాసిచ్చేశాను."