జగన్నాధం గారి కుడిచేతి నీలిపువ్వు

శ్రీ జగన్నాధం గారు 1934 జూలై 16వ తేదీన మన విజయనగరం కచేరీలో గుమాస్తాగా ప్రవేశించారు. నాటి నుండి నేటి పదవీ విరమణ వరకు, ముప్పైనాలుగేళ్ల సేవాకాలంలో, శ్రీకాకుళంలోనూ రాజాంలోనూ పనిచేసి, కాగితం ఆలస్యమైందన్న మాట ఏనాడూ పడకుండా హెడ్డుగుమాస్తా పదవిని అలంకరించిన కార్యదక్షులు వారు. వారిలో లోపమన్నదే లేదని రాయాలని ఉంది కాని, చదివేది తోటి ఉద్యోగులు, నమ్మరు. జగన్నాధం గారికి అసూయ మెండు, అదీ ఒక్క నగరేశ్వరరావు గారి మీదనే.

1956లో నగరేశ్వరరావు గారు పక్కబల్లకు బదిలీపై వచ్చారు. ఆయన పొందూరు ఖద్దరు చొక్కా ముంజేతులకు బొత్తాల బదులు తాతగారి నాటి వెండి కఫ్‌లింకులుండేవి. వాటిమీద నీలిరంగు గాజు కరిగించి పోసిన మీనాపని పువ్వులు. ఆయన సంతకానికి చెయ్యి చాపినప్పుడల్లా జగన్నాధం గారు కళ్లలో నిప్పులు పోసుకునేవారు.

పదేళ్లు ఓర్చి, కచేరీ గ్రూపుఫొటో ముందురోజు, రాజాంలో వెండిపని చేసే కూర్మయ్యచేత తామూ ఒక జత చేయించారు. కూర్మయ్య వెండిబిళ్లలపై సన్నని ఉలితో పువ్వులు తొలిచి, ఆ గుంటల్లో తడిపిన రంగుగాజు పొడి నింపి, అది కరిగి మెరిసేదాకా కొలిమిలో కాల్చి, మెల్లగా చల్లారడానికి పక్కన పెట్టాడు. బస్సు వేళయింది. వేడి వెండిని కంసాలులు నీళ్లలో ముంచడం చిన్ననాటి నుండి చూసినవారు కనుక, జగన్నాధం గారు పట్టకారుతో ఒకదాన్ని తీసి కుండలో ముంచేశారు.

"ఉత్త వెండైతే ముంచొచ్చు బాబూ. ఇది గాజు, ఆత్రపడితే బీటలిచ్చేస్తాది," అన్నాడు కూర్మయ్య. అప్పటికే నీలిపువ్వు పెచ్చులుగా ఊడి కుండ అడుగుకు చేరింది.

"ఆ నగరేశ్వరరావుకి రెండున్నాయి గదరా," అన్నారు జగన్నాధం గారు.

మర్నాడు ఎడమచేతికి లింకుతో, కుడిచేతికి దారపుముడితో ఫొటోకు వచ్చారు. నగరేశ్వరరావు గారు చూశారు. తన లింకు ఒకటి విప్పి ఆ కుడిచేతికి తొడిగి, తన చొక్కా చేతులు రెండూ మోచేతులదాకా మడుచుకున్నారు. ఆ ఫొటోలో అందరూ ప్రసన్నవదనులే. జగన్నాధం గారు మాత్రం వేపాకు నమిలినట్లున్నారు.

"ఇవ్వడంలో కూడా ఆడిదే పైసెయ్యి అయిపోనాదే," అన్నారట ఇంటికి వెళ్లి, భార్య సుభద్రమ్మ గారితో.

"మరి తిరిగిచ్చీండి."

"ఇచ్చీస్తే ఆడికి మళ్లీ రెండవుతాయి గదే."

ఆ లింకు నేటికీ వారి కుడిచేతికే ఉంది. రేపటి నుండి తమ కుర్చీలో కూర్చోబోయేది నగరేశ్వరరావు గారేనని తెలిసి, వారం రోజులుగా వారికి అన్నం సయించడం లేదని సుభద్రమ్మ గారు చెప్పారు. ఆ మాట విన్న నగరేశ్వరరావు గారు నేరుగా వారింటికి వెళ్లి, తాను నిండు నూరేళ్లూ బతకదలచుకున్నట్లు వారి ఎదుటే ప్రకటించి వచ్చారు. జగన్నాధం గారు ఆ పూట రెండుసార్లు మారు అడిగి భోంచేశారట. కనుక వారి ఆయురారోగ్యాలకై మనం వేరుగా భగవంతుని ప్రార్థించనక్కరలేదు. నూటొక్క ఏళ్లు నిండనిదే వారు ఊరుకోరు.