వీపున జిప్పు

కూర్చో లిసెబో, ఆ స్టూలు మీద కాదు, దాని కాలు నమ్మకం లేదు, ఇలా బల్ల మీద కూర్చో. ఏమన్నావూ, మళ్ళీ చెప్పు. మీ అమ్మ తన గౌనుకి ముందువైపు గుండీలే కావాలంటోందా? చేతులు మోచెయ్యి దాటాలి, లోపల జేబుండాలి, ఒళ్ళంతా వదులుగా ఉండాలి. నువ్వేమో వీపున జిప్పు పెట్టించి నడుం దగ్గర కాస్త బిగిస్తే బాగుంటుందని... ఊఁ. పిల్లా, ఈ కొట్లో వీపు మీద జిప్పు మాట ఎత్తకు. ఈ మఫెటెంగ్ ఊళ్ళో నలభై ఏళ్ళకి పైగా సెషోషో అచ్చుగుడ్డ గౌన్లు కుట్టాను, వయసు మళ్ళిన ఆడమనిషికి వీపున జిప్పు పెట్టింది ఒక్కసారే. అది మీ నానమ్మకి, మీ నాన్న సెచాబా తల్లికి. సెచాబా అమ్మ కాబట్టి ఊరంతా మాసెచాబా అనేవాళ్ళం. నువ్వు పుట్టకముందే పోయింది. చూసుంటే నీకూ తల తిరిగేది.

గుడ్డ దగ్గరే మొదలయ్యేది ఆవిడతో పేచీ. దుకాణంలో తాను విప్పి పరిస్తే ఎవరైనా చేత్తో తడిమి చూస్తారు. మాసెచాబా నాకేది. అవును, నాలుకతోనే. మూల పట్టుకుని, కళ్ళు మూసుకుని, నాకి, కాసేపు చప్పరించి, "ఉప్పు లేదు, ఇది దొంగ గుడ్డ" అని తేల్చేది. అసలైన సెషోషోకి గంజి ఉప్పగానే ఉంటుందిలే, ఆ రోజుల్లో పెద్దవాళ్ళంతా చూసేవాళ్ళు అలా, కాదనను. కానీ వాళ్ళు ఒక మూల చూసి ఊరుకునేవాళ్ళు. ఈవిడ మూడు మూలలు. దుకాణం వాడు ఒకసారి ఉండబట్టలేక, "అమ్మా, తినకుండా వచ్చావా" అన్నాడు. "తినే వచ్చా, అందుకే నీ సరుకు దిగట్లేదు" అంది. రంగు నీలం తప్ప పనికిరాదు. ఎరుపు పెళ్ళికూతుళ్ళకి, గోధుమ రంగు పేడ. పోనీ కొలతలు తియ్యనిస్తుందా అంటే, అదీ లేదు. "పాత గౌనుందిగా, దాన్ని కొలుచుకో" అనేది. "అక్కా, పాత గౌను కుట్టాక నువ్వు లావెక్కావు" అంటే, "గౌను ఎక్కలేదుగా" అనేది. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతావు? కింద అంచు పైన మూడు మడత కుట్లు, ఉతికితే గుడ్డ కుంచించుకుపోతుంది కాబట్టి ఏడాదికొకటి విప్పుకోవాలి. ఎడమవైపు లోపల జేబు, ముక్కుపొడుం డబ్బా పట్టేంత. ముందు గుండీలు ఏడు. ఆరు పెడితే, వేలుతో లెక్కపెట్టి తిరిగిచ్చేసేది.

ఏం చెప్తున్నానూ. ఆఁ, మీ నాన్న పెళ్ళి. మీ తాత గనిలో పోయి అప్పటికి ఆరేళ్ళు. ఒక్కగానొక్క కొడుకని మంచి గుడ్డే కొంది, మూడు మూలలూ నాకి మరీ. నేనప్పుడు కుర్రవాణ్ణి, బ్లూమ్‌ఫాంటైన్ పట్నంలో రెండేళ్ళు పనిచేసి వచ్చాను, చేతిలో కొత్త విద్య ఉంది, అది ఎక్కడ చూపించను? ఈ పెళ్ళిలో అయితే నాలుగూళ్ళ వాళ్ళు చూస్తారు. అడక్కుండా వీపున జిప్పు పెట్టేశాను. చూసుకోవాలి, నీళ్ళలా జారేది. ఆవిడ గౌను అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ముందెక్కడుంది సెఖోబే?" "ఇదే ముందక్కా. తెరిచేది వెనక." "నా కళ్ళు వెనకున్నాయా? మార్చు." "ఎల్లుండే పెళ్ళి. ఏడు కాజాలు చేత్తో కుట్టాలి, నా వల్ల కాదు" అన్నాను. అబద్ధం. కూర్చుంటే ఒక పూట పని. మారిస్తే నా జిప్పు ఎవరు చూస్తారు? ఆవిడ నా మొహం కేసి చూసి, గౌను మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

పెళ్ళి డిసెంబరులో, నడివేసవి. ఎండ ఎలా ఉందంటే, ఏ కాలంలోనూ కంబళి వదలని పెద్దవాళ్ళు కూడా కంబళ్ళు తీసి గోడ మీద ఆరేశారు. రెండు గొర్రెల్ని కోశారు, జొన్న సారా కుండలు తిరుగుతున్నాయి. ఇంత సంబరంలో ఈ మహాతల్లి బూడిదరంగు కంబళి ఒంటి నిండా చుట్టుకుని, గుండె దగ్గర పిన్నీసు గుచ్చుకుని, గోడకి వీపు ఆనించి కూర్చుంది. మెడ మీంచి చెమట కారుతోంది. ఆడవాళ్ళు గుండ్రంగా నిలబడి పాట ఎత్తుకున్నారు, కొత్త కోడలు మధ్యలో నిలబడింది, అత్త లేచి వెళ్ళి దాని ఎదురుగా ఆడాలి. లేవదే. కూర్చునే చప్పట్లు కొడుతుంది. "రా మాసెచాబా, రా" అని పిలిచారు, మూడుసార్లు పాట మళ్ళీ ఎత్తుకున్నారు. పిల్ల అలా మధ్యలో నిలబడే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను రెండు బారల దూరంలోనే ఉన్నాను, వెళ్ళి, "అక్కా, నేను కుట్టింది నలుగురికీ చూపించవా" అని కంబళి కొస పట్టుకుని లాగాను. ఛెళ్ళున చేతి మీద కొట్టింది. అందరూ చూశారు. అంతలో పెళ్ళికూతురి మేనమామ నా పక్కకొచ్చి, "ఏమిటయ్యా, మీ పెద్దావిడ అలా కూర్చుంది?" అన్నాడు. లోపల సారా ఉంది, చెయ్యి మండుతోంది. "కోడలు నచ్చలేదేమో" అన్నాను. అంతే అన్నాను. ఇంకో కుండ ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు ఆ మాట మీ అమ్మ చెవిలో పడింది.

తర్వాతది నీకు తెలుసు, ఇంట్లో వినే ఉంటావు. మీ అమ్మ ఆ ఇంట్లో ఏడాది ఉంది, నీళ్ళు మోసింది, వండి పెట్టింది, అత్తకి ఎదురుగా కూర్చుని ఒక్కపూట తినలేదు. తర్వాత మీ నాన్న వేరే ఇల్లు కట్టాడు.

పెళ్ళయిన మూడు వారాలకి మీ నానమ్మ ఆ గౌను పట్టుకొచ్చి నా మిషను మీద పడేసింది. "జిప్పు పీకు, ముందు గుండీలు పెట్టు." లాగి చూశాను, నున్నగా నడుస్తోంది. బిగువా అంటే కాదు. మరి రోగమేమిటి? చెయ్యి వెనక్కి తిప్పి చూపించింది, ఇదిగో, నడుం దాకా వచ్చి ఆగిపోయింది. "ఆ పొద్దున అందరూ ఆడపెళ్ళివారికి ఎదురెళ్ళారు. నేనొక్కదాన్నే ఉన్నా. జిప్పు ఇంతవరకే వచ్చింది" అంది. పెళ్ళి మొత్తం, లిసెబో, వీపు తెరుచుకునే కూర్చుంది. లోపలేమో పిండి సంచులు విప్పి కుట్టుకున్న లోగౌను, మిల్లు పేరూ బరువూ ఎంత ఉతికినా పోని అక్షరాలు. ఉన్నదంతా పైగుడ్డకే పెట్టింది కదా మరి. నేను అరిచాను. ఎవర్నైనా పిలవొచ్చుగా? ఒక్క చెయ్యి వేస్తే పోయేదానికి? నేను రెండు బారల దూరంలో లేనూ? "వియ్యాలవారి ముందు నా పిండి సంచి చూపించి, జిప్పు లాగమని నిన్ను పిలవాలా? నువ్వు మాట్లాడకుండా కాజాలు కుట్టు. ఎవరికైనా చెప్పావో, నీ మిషను ఏట్లో ఉంటుంది" అంది. అదీ మీ నానమ్మ. ఏడు గుండీలు పెట్టాను. లెక్కపెట్టుకుంది.

మీ అన్న పుట్టినప్పుడు ఆ గౌనే వేసుకుని, గాలికి వణుకుతూ, కంబళి లేకుండా మీ ఇంటికి నడిచి వెళ్ళింది. ఏం, ముందు గుండీలున్నాయి, ఇప్పుడు కంబళి అక్కర్లేదని చూపించడానికి. మీ అమ్మకేం తెలుస్తుంది? పిల్లాణ్ణి ఇచ్చి, టీ ఇచ్చి పంపించిందట. ఎంత చిరాకో నాకు. ఆ నోరు, గుడ్డ మూడు మూలలూ నాకిన నోరు, ఒక్క మాట చెప్పడానికి రాలేదు. ఆవిడకి రాలేదు సరే, ఆవిడ పోయాక నేనైనా... మిషను ఏట్లో ఎవరు వేస్తారిక? సమాధి దగ్గర మీ అమ్మ మట్టి వేస్తుంటే పక్కనే ఉన్నాను. రెండు బారలు కూడా లేదు.

ఏం, అలా చూస్తావేం. వెళ్ళి మీ అమ్మకి చెప్పు. సెఖోబే తాత అన్నాడని చెప్పు, మేనమామతో అన్నది కూడా.

అది సరేగానీ, నువ్వు పనిచేసేది మసేరు పట్నంలో కదూ. ఇంటికి ఎన్నాళ్ళకోసారి వస్తావు? ఊఁ. మరి మీ నాన్న పోయాక మీ అమ్మ దగ్గర ఎవరుంటున్నారు?

ఒక్కతే ఉంటోందా, అయితే ముందు గుండీలే. ఏదీ, నువ్వు తెచ్చిన గుడ్డ ఇలా ఇవ్వు. ఈ మూల కాదు, అటుది... ఉప్పగానే ఉంది. టేపు అందుకో.