తిన్నగా వెళ్లిన పడవ

నది ఒడ్డున పడవల షెడ్డు. ఇద్దరు కూర్చుని, ఒక్కొక్కరూ చేతికొకటి చొప్పున రెండేసి తెడ్లు వేసే సన్నటి పడవను స్టాండు మీద బోర్లించి, బావా బావమరిదీ తుడుస్తున్నారు.

“చూశావుగా? గీత గీసినట్టు పోయింది.”

“చూశాను బావా.”

“నెల్లాళ్లుగా కుడికి లాగేసేది. ఆ ఒడ్డునున్న రెల్లుగడ్డి మనకి చుట్టమైపోయింది. ఇవాళ దాని మొహమే చూళ్లేదు.”

“ఆ గుడ్డ ఇలా ఇవ్వండి. మీరు కూర్చోండి.”

“కూర్చోడమేంట్రా, గంతులెయ్యాలనుంది. తప్పు నాదే. మొదట్లో రోజూ ఒళ్లు హూనం చేసుకున్నా. కోచ్ మొత్తుకుంటూనే ఉన్నాడు, నెమ్మదిగా వెయ్యి, ఎక్కువసేపు వెయ్యి, మధ్యమధ్యలో ఒంటికి సెలవియ్యి అని. ముందు కాళ్లతో తొయ్యాలి, తర్వాత నడుం, చేతులు ఆఖర్న. ఆయన చెప్పినట్టు విన్నాక చూడు, దారికొచ్చింది.”

“మరి చెయ్యి?”

“ఏ చెయ్యి?”

“కుడి చెయ్యి బావా.”

“దానికేం, దివ్యంగా ఉంది. పొద్దున్నా సాయంత్రం రబ్బరు బంతి పిసుకుతున్నానుగా. చెయ్యి బాగుపడకపోతే పడవ తిన్నగా ఎలా పోతుంది?”

“షర్టు గుండీలు నన్ను పెట్టమంటారా?”

“వద్దులే. గాలాడనీ.”

“పొద్దున్న తాళం కూడా నన్నే తియ్యమన్నారు.”

“తుప్పు పట్టింది.”

“మొన్న కొన్న తాళం బావా.”

“నీకు ప్లీడరు గిరీ ఎప్పట్నుంచిరా? పందెం దగ్గర పడుతోంది, ఆ బ్యాంకు జోడీని ఎలా దాటాలో ఆలోచించు.”

“రేపు నరాల డాక్టరు దగ్గరికి మీతో, అక్కతో నేనూ వస్తాను.”

“ఎవరూ రానక్కర్లేదు. వెళ్లడం లేదని మీ అక్కకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా. నువ్వు సాక్ష్యం చెప్పు.”

“ఏమని?”

“పడవ తిన్నగా పోయిందని. నా చేతిలోంచి గ్లాసు జారిన దగ్గర్నుంచి మీ అక్క సరిగ్గా నిద్రపోవట్లేదురా. నేను చెబితే నమ్మదు. తమ్ముడు చెబితే నమ్ముతుంది.”

“నేను చెప్పలేను.”

“ఎందుకు? నా వెనకే కూర్చున్నావు, కళ్లారా చూశావు.”

“వెనక కూర్చోడమే వచ్చిన చిక్కు. మీకు నేను కనిపించను. నాకు మీరు కనిపిస్తారు.”

“ఏం కనిపించిందేంటి?”

“ముందు ఆ ఫోన్ పెట్టేయండి.”

“రింగవుతోంది. చెప్పు.”

“డాక్టరు దగ్గరికి వెళ్దాం బావా. మీకు దణ్ణం పెడతాను. నాకేం తోచట్లేదు.”

“ఏడుస్తున్నావా? పడవ తిన్నగా పోయిందని ఏడిచేవాణ్ణి నిన్నే చూశాను.”

“నాకు తెడ్డు పట్టడం నేర్పింది మీరు. పడవ కుడికి తిరిగినప్పుడల్లా మీ మెడ అలా వాలిపోతుంటే చూడలేకపోయాను. అందుకని నా ఎడమ చెయ్యి తగ్గించుకుంటూ వచ్చాను, మీ కుడి చేతికి సరిపోయేలా.”

“తగ్గించుకుంటూ... అంటే, ఎంత?”

“అక్క ఎత్తింది. మాట్లాడండి.”

“ఎంతరా?”

“ఇవాళ నా ఎడమ తెడ్డు నీళ్లలో ముంచనే లేదు బావా.”