నడుం తాడు

పాలెంబాంగ్ ఊరికి దిగువన, మూసీ నది మధ్యలో లంగరేసిన పడవ. మిట్టమధ్యాహ్నం. పాతకాలపు రాజుల కంచూ బంగారమూ వెతుక్కుంటూ సర్నుబి నది అడుగున బురద తవ్వుతున్నాడు. పైన అతని నడుం తాడు పట్టుకుని భార్య రొమ్లా, గాలి కొట్టే ఇంజను దగ్గర తమ్ముడు జుమ్రి. ఈ పనికి ఆడది రావడం ఆ రేవులో ఎవరూ ఎరగరు గానీ, గతి లేనప్పుడు ఆనవాయితీ మాట ఎవడు వింటాడు?

"మీ అన్న రేవు మెట్ల మీద జారిపడ్డాడనేగా మొన్న చెప్పావు? అందుకే కుంటుతున్నాడనీ?"

"చెప్పాను వదినా."

"మరిప్పుడు 'ఆ కాలుతో ఎంతసేపుంటాడో' అని గొణిగావేం? ఏమైంది ఆ కాలికి?"

"ఏం కాలేదు. నువ్వు తాడు చూసుకో. బిగించకు, అలాగని మరీ వదిలెయ్యకు."

"జుమ్రీ, నా మొహం చూసి మాట్లాడు."

"నీ మొహం చూస్తూ కూర్చుంటే ఈ చెక్కెవరు తొక్కుతారు? దీని మీంచి కాలు తీశానంటే బెల్టు జారిపోతుంది. బెల్టు జారితే గాలి కొట్టే చక్రం ఆగిపోతుంది. అన్న గతేంటి అప్పుడు?"

"కాలు అక్కడే ఉంచు. నోరు ఖాళీయేగా?"

"స్పర్శ లేదు వదినా. ఎడం కాలికి. మొన్న పైకొచ్చినప్పట్నుంచి తొడ కింద ఏమీ తెలియట్లేదంట. సూది గుచ్చుకుని చూపించాడు నాకు."

"యా అల్లా!"

"నీకు చెప్తే చంపేస్తానన్నాడు."

"చచ్చే మనిషి నిన్ను చంపుతానన్నాడా! ఆ కాలున్న మనిషికి నడుముకి ఇనుప దిమ్మలు కట్టి, నీ చేత్తో నువ్వే దింపావా?"

"వద్దన్నాను. ఒట్టు, వద్దనే అన్నాను."

"వద్దంటూనే గాలి గొట్టం నోటికందించావు."

"అందించకపోతే మరొకణ్ణి పట్టుకుని దిగేవాడు! నీకు తెలీదా అన్న సంగతి? మొన్న ఆ బురదలో చెయ్యి పెడితే చెవి తగిలింది. పొడుగాటి చెవి, భుజం దాకా వేలాడేది. కంచుది. ఇటు తడిమితే ముక్కు. తల అచ్చం మనిషి తలంత ఉందిట. మనం రోజూ ఏరుకునే పూసలూ పింగాణీ పెంకులూ కాదిది."

"చెవి దొరికిందని కాలు వదులుకుంటారా ఎవరైనా?"

"ఇల్లు వదులుకుంటామా మరి? మీ తెప్ప ఇంటి కింద వెదురంతా కుళ్ళిపోలా? పిల్లల పక్క కిందికి నీళ్ళొచ్చాయని నువ్వేగా ఏడ్చావు?"

"ఏడ్చాను. ఏడిస్తే వినమన్నాను గానీ, వెళ్ళి నదిలో దూకమన్నానా?"

"అరవకు వదినా, ఆ ఎగువ పడవ వాళ్ళు వింటారు."

"లాగేద్దాం. ఇప్పుడే లాగేద్దాం, నువ్వూ ఓ చెయ్యి వెయ్యి."

"పిలవందే లాగకూడదు. ఉన్నట్టుండి లాగితే నోట్లో గొట్టం ఊడిపోతుంది. మునిగిన దుంగలు ఎటు పక్కనున్నాయో ఏమో. పొద్దున సరుకు తాడు అలాగేగా దుంగకి చిక్కి తెగిపోయింది? ఇంక మనకున్నది ఈ నడుం తాడొక్కటే."

"సరుకు లాగడానికి తాడు లేదు. రోజూ తాడు పట్టే బుర్హాన్ లేడు. ఆయనకి కాలే లేదు. అయినా దిగాలి!"

"బుర్హాన్ మాటెత్తకు. ఎక్కడున్నాడనుకున్నావ్? అదుగో, ఆ ఎగువ పడవలో. పొద్దుట్నుంచీ గద్దల్లా మన చుట్టూ తిరుగుతున్నారు. మనం లంగరు లేపితే వాళ్ళు దింపుతారు. ఈ రోజు పోయిందంటే ఆ చెవి మనది కాదు."

"ఒకసారి గుంజి చూడనా? ఎలా ఉన్నాడో?"

"మెల్లిగా. ఒక్క గుంజు."

"గుంజాను... పలకట్లేదు."

"పలుకుతాడుండు. రెండు చేతులూ మట్టిలో ఉంటాయి."

"పలకట్లేదు జుమ్రీ!"

"ఆగు వదినా, కాస్త ఆగు..."

"సర్నుబీ! సర్నుబీ!"

"పేరు పెట్టి అరవకు! మనిషి కిందుండగా పేరు పిలిస్తే నది వింటుంది. మా అమ్మ చెప్పలేదా నీకు?"

"నది వింటే విననీ. ఆయన వినట్లేదుగా!... ఉండు. ఉండుండు. కదిలింది. పలికాడు! ఒక్క గుంజు!"

"చెప్పానా? ఊరికే హడలగొడతావ్. పొద్దున పసుపన్నం నీళ్ళలో వదిలాకే దింపాను. పెద్దలు చూసుకుంటారు."

"మీ పెద్దలు కాళ్ళు కూడా చూసుకుంటారా?... ఇదేంటి? మళ్ళీ గుంజుతున్నాడు. మళ్ళీ. జుమ్రీ, ఆపకుండా గుంజుతున్నాడు!"

"ఆపకుండానా?"

"పైకి లాగమని కదూ? అదే కదూ గుర్తు?"

"అదే! లాగు వదినా, లాగు!"

"లాగుతున్నా... రావట్లేదు. బండరాయిలా ఉన్నాడు. ఎప్పుడూ ఇంత బరువుంటాడా?"

"కాలు ఆడని మనిషి బరువు కాడా? దిమ్మలు కూడా ఉన్నాయి. తాడు ఆ కొయ్యకి ఓ చుట్టు వేసి లాగు."

"జారిపోతోంది. చేతులు కోసుకుపోతున్నాయి. నా వల్ల కాదు, నువ్వు రా!"

"నేనెలా వస్తాను? కాలు తీస్తే గాలి పోతుంది!"

"ఆయన పైకొస్తుంటే ఇంక కింద గాలెవరికి? చేపలకా?"

"వచ్చేదాకా ఊపిరాడాలిగా!"

"ఇంజను ట్యాంకులో కొంచెం గాలి నిలవుంటుందన్నావుగా?"

"కొంచెం. చాలా కొంచెం."

"ఆ కొంచెంలో వచ్చేస్తాడు! రా జుమ్రీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, తాడు పోతోంది, ఆయన పోతున్నాడు, రా!"

"వచ్చా! వచ్చా, పట్టు! ఇద్దరం ఒక్క ఊపు. హైలెస్సా!"

"కదిలాడు!"

"మాట్లాడకు, లాగు. హైలెస్సా!"

"ఇంటికెళ్ళాక చూడు... నాలుగు రోజులు అన్నం పెట్టను. ఆయనకీ పెట్టను, నీకూ పెట్టను."

"పెట్టకు. లాగు."

"ఇంజను మోగుతోందా?"

"మోగుతోంది, వినపడట్లా? వెనక్కి చూడకు, తాడు చూడు. హైలెస్సా!"

"అదుగో! తల! నీళ్ళ కిందే ఉంది! జుమ్రీ, తల కనిపిస్తోంది!"

"ఇంకొక్క ఊపు!"

"కళ్ళు మూసుకుపోయాయి. అయ్యో, ఏమైంది... కాదు, కాదు. నవ్వుతున్నాడు! ఆ పెదాలు చూడు, నవ్వుతున్నాడు! నన్నింత క్షోభ పెట్టి, పైగా నవ్వు!"

"వదినా."

"లాగవేం? ఇక్కడిదాకా వచ్చాక ఆగిపోయావేం?"

"వదినా, ఆ చెవి చూడు."

"భుజం దాకా ఉంది..."

"బొమ్మ వదినా. నడుం తాడు విప్పేసి దీనికి కట్టాడు. సరుకు తాడు లేదుగా మరి. దీన్నే పైకి లాగమన్నాడు."

"ఆయనో?"

"కిందే ఉన్నాడు. ఏం కాదు, బాగానే ఉంటాడు. తాడు మళ్ళీ దింపుతామని చూస్తుంటాడు. గొట్టం నోట్లోనే ఉంది, ఇంజను మోగుతూనే ఉంది, నువ్వే విను—"

"ఇంజను మోగుతోంది జుమ్రీ. చక్రం తిరగట్లేదు."