మంటల క్లిప్పు

సోలార్ ప్యానెళ్లు బిగించడానికి వచ్చినవాళ్లు కింద వ్యానులో కూర్చున్నారు. మేడ మెట్లకు అడ్డంగా నాన్న కూర్చున్నాడు. న్యూస్ ఛానెల్లో వీడియోలు ఎడిట్ చేసే కూతురికి ముందు ఎవర్ని లేపాలో అర్థం కాలేదు.

"ఒప్పుకున్నావు కదా నాన్నా!"

"నిన్న మీ ఛానెల్ చూడకముందు ఒప్పుకున్నా. ఆ ఇల్లెలా తగలబడిందో చూశావా?"

"చూడకేం, వేసింది నేనే. అది తగలబడి మూడేళ్లయింది. సోలార్ అన్న మాట వస్తే చాలు, ఆ క్లిప్పే వేస్తాం."

"నిన్నటి వార్త కరెంటు బిల్లు తగ్గిందని కదే!"

"ఊరికే ఎండలో పడున్న ప్యానెళ్లని ఎవరు చూస్తారు నాన్నా?"

"ఓహో. పిల్లాణ్ని గిల్లేదీ నువ్వే, జోల పాడేదీ నువ్వే. కాకపోతే ఇక్కడ పిల్లాణ్ని నేను."

"సరే, ఇంక ఆ మంటలు వెయ్యను. ఇవాళ మన మేడే షూట్ చేసి, ఈసారి నుంచి అదే వేస్తా."

"ఏమీ కాలకపోయినా వేస్తారా?"

"మా బాసుతో పోట్లాడైనా వేస్తా."

నాన్న లేచి పక్కకు జరిగాడు.

"వాళ్లని రమ్మను. నువ్వు మాత్రం ముందు నా నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యి. ఉత్త ప్యానెళ్లని ఎవరూ చూడరన్నావుగా!"