కండక్టరుగారి ప్రోటీను

వంకరగా పడిన కుట్టునైతే విప్పి మళ్లీ వేయొచ్చు. రిటైరైన కండక్టరు నోటికి మాత్రం దర్జీ దగ్గర ఏ మందూ లేదు. రోజూ పొద్దున్నే దుకాణం అరుగెక్కి కూర్చుంటాడు, దిగమనే నాథుడు లేడు.

"పదకొండు రోజులు టీలో పంచదార మానేశాను, అంతే," అని మొదలుపెట్టాడు ఆవేళ. "లివరులో ఒక ప్రోటీను తయారవుతుందయ్యా. హార్మోన్లని అదుపులో పెట్టేది అదే. బస్సులో నేనున్నట్టన్నమాట. తీపి ఎక్కువైతే లివరు దాన్ని చెయ్యడం తగ్గించేస్తుంది. మానేశానా, నాకు రెట్టింపైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వద్దంటే మానతారా ఏంటి," అన్నాడు పక్క సైకిల్ షాపతను.

"మొలకలు, పచ్చి ఆకులు మొదలుపెట్టాను. పదింతలైంది. నా రక్తం చుక్క పడగానే ల్యాబులో మిషను పొగలు కక్కి ఆగిపోయింది. కొత్తది తెప్పించారు, అదీ పోయింది. పెద్ద డాక్టరు నా చెయ్యి పట్టుకుని, అయ్యా, ఇక ఇటు రాకండి, మా మిషన్లని బతకనివ్వండి అన్నాడు. సరే పోనీ అని వార్డు మధ్యలోంచి నడిచొస్తున్నానా, అటు పదిమందికి, ఇటు పదిమందికి షుగరు దిగిపోయింది. నా గాలి సోకింది, అంతే. నర్సులు సూదులు పట్టుకుని ఎవరికి పొడవాలో తెలీక నిలబడిపోయారు."

"మరి మీ షుగరు మాత్రలు?" అన్నాడు దర్జీ తమ్ముడు. గేట్లు వెల్డింగు చేస్తాడు, అతనికీ నాలుగేళ్లుగా షుగరు.

"కాలవలో పారేశాను. వాటిని మింగిన చేపలు ఇప్పటికీ సన్నబడుతూనే ఉన్నాయట. నువ్వూ పారెయ్యి."

"మొన్న మీరు పంచదార సంగతి చెప్పారుగా, నిన్నటినుంచి ఆపేశానండీ," అన్నాడు తమ్ముడు.

దర్జీ కాలు మిషను మీద ఆగిపోయింది. కిందటేడు నిప్పురవ్వ పడి తమ్ముడి కాలికైన పుండు నాలుగు నెలలు మానలేదు. వేలు తీసెయ్యాలన్నారు. మందులు సరిగ్గా వాడబట్టి దక్కింది.

ఒకరి కొలతగానీ, జేబులో దొరికిన వస్తువుగానీ ఇంకొకరి చెవిన పడకూడదని పని నేర్పిన తండ్రి ఆన. ముప్ఫై ఏళ్లలో దర్జీ ఒక్కసారీ దాటలేదు. లేచి కొలతల పుస్తకం తెరిచాడు.

"కండక్టరుగారి నడుము నిరుడు ముప్ఫై ఆరు. ఎండాకాలంలో ముప్ఫై తొమ్మిది. మొన్న నలభై రెండు. వదులు చెయ్యమని ఇచ్చిన ప్యాంటుకి కుట్టులో గుడ్డ మిగల్లేదు. దాని జేబులో ఇది దొరికింది."

షుగరు మాత్రల అట్ట. పదిలో ఆరు మింగినవే.

కండక్టరు తడబడ్డాడు. "అవి మా ఆవిడవి."

"ఆవిడ మీ ప్యాంటు వేసుకుని ఆసుపత్రికెళ్లిందా?" అన్నాడు సైకిల్ షాపతను.

దర్జీ నవ్వలేదు. "ఇంటికెళ్లి అన్నం తిని, నీ మాత్ర వేసుకునిరా," అన్నాడు తమ్ముడితో. వాడు చెప్పులు తొడుక్కున్నాడు.

తర్వాత కండక్టరు ప్యాంటు మడతపెట్టి, అట్ట మళ్లీ దాని జేబులోనే పెట్టి, ఆయన చేతికిచ్చాడు.

"మీ కొలత నలుగురిలో చెప్పాను, నాది తప్పే. ఇకమీదట మీ బట్టలు ముట్టుకునే అర్హత నాకు లేదు. ఇంకో దర్జీని చూసుకోండి."